నడిమి కుర్చీలకు వినబడని పాట

నాచారం నుంచి మల్లాపూర్ పోయే దారిలో పాత సామాన్ల దుకాణం ఒకటి ఉంది. మొన్న వాన వెలిసిన మధ్యాహ్నం దాని ముందు నుంచి నడిచి వస్తుంటే తడిసి ఎండుతున్న ప్లైవుడ్డు, దానికి అంటించిన నల్ల రెగ్జిను, లోపల పొడైపోతున్న స్పాంజీ కలిసి గుప్పున ఒక వాసన కొట్టింది. తిరిగి చూస్తే నడుమెత్తు స్పీకరు పెట్టెలు రెండు, మూతి జాలీలు తుప్పు పట్టి, వెనుక నుంచి వైర్లు పేగుల్లా వేలాడుతూ కూర్చున్నాయి. నేను ఆగడం చూసి దుకాణం అతను "తీస్కోరాదుండ్రి మేడం, సౌండు మస్తుంటది" అన్నాడు. సౌండు మస్తుంటుందని చెప్పే ఇలాంటి పెట్టెలనే నా చిన్నప్పుడు ఒక పెద్దమనిషి కొనుక్కొచ్చి మా నెత్తిన పెట్టాడు. నేను వచ్చేశాను.

అప్పటి నాచారం ఇప్పటి వాళ్లకు చెప్పినా అర్థం కాదు. గాలి ఒక పక్క నుంచి వీస్తే బిస్కెట్లు కాలుతున్న కమ్మటి వాసన, ఇంకో పక్క నుంచి వీస్తే మందుల ఫ్యాక్టరీ మోరీ కంపు, రెండూ కలిసిన రోజు ఏది తింటున్నామో తెలియకుండానే అన్నం తినేవాళ్లం. షిఫ్టు సైరను మోగితే పొయ్యి మీద చారు దించాలి, ఇంకో సైరను మోగితే బడికి పరుగెత్తాలి. ఎండాకాలం నీళ్ల ట్యాంకరు వచ్చిందంటే బిందెల మోత, తిట్ల మోత, మధ్యలో మా తొక్కుడుబిళ్ల గీతలన్నీ బురదపాలు; వానాకాలం మోరీలు పొంగి, ఒక ఇంటి చెప్పులు ఇంకో ఇంటి గుమ్మానికి చేరేవి. కరెంటు పోయిన సాయంత్రాలు ఆడవాళ్లంతా గడపల్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, మేం చెవులు రిక్కించే కబుర్లను మాత్రం గొంతు తగ్గించి చెప్పుకునేవాళ్లు. అక్కడ నివసించిన వాళ్లలో సగం మంది నల్గొండ, వరంగల్ దిక్కుల నుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్లే. మా నాన్న ప్లాస్టిక్ డబ్బాల కంపెనీలో మిషను ఆపరేటరు.

మా చర్చి ఒక పాత రేకుల షెడ్డు. అంతకుముందు అక్కడ నట్లూ బోల్టులూ చేసేవారట, ఎంత కడిగినా నేల మీద నూనె మరకలు పోలేదు. ఆ షెడ్డులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో ఎవరూ రాసిపెట్టలేదు గానీ అందరికీ తెలుసు. అటు గోడకూ ఇటు గోడకూ చాపలు, వాటి మీద మాలాంటివాళ్లు. నడి మధ్యలో ప్లాస్టిక్ కుర్చీలు, వాటి మీద సంఘ పెద్దలు, వాళ్ల ఇంటివాళ్లు. సరిగ్గా మధ్య కుర్చీ ప్రకాశం సారుది. ఆయన ఏదో కంపెనీలో సూపర్‌వైజరుగా చేసి రిటైరయ్యాడు. అయినా ప్రపంచమంతా తన షిఫ్టులోనే పనిచేస్తున్నదన్న నమ్మకం నుంచి మాత్రం రిటైరు కాలేదు. చర్చికి వచ్చినా హాజరు తీసుకుంటున్నట్టే చూసేవాడు. క్రిస్మసుకు మేమంతా గారెలు, గరిజెలు, సకినాలు పళ్లేల్లో సర్దుకుని ఇల్లిల్లూ తిరిగి పంచుతుంటే, ఆయన మాత్రం గడపలో కుర్చీ వేసుకుని ఎవరి గరిజెలో కొబ్బరి తక్కువైందో తీర్పు చెప్పేవాడు. అందరూ భయపడేవాళ్లు. ఎందుకు భయపడ్డారో ఇప్పుడు తలుచుకుంటే నాకు నవ్వు కూడా రాదు.

ఆ చర్చిలో పాట మా అమ్మది. అమ్మ పేరు సుగుణ. సన్నని తీపి గొంతు కాదు. ఆడవాళ్లలో అరుదుగా ఉండే మంద్ర గొంతు, కింది నుంచి లేచి షెడ్డు రేకులను తాకేది. ఆ గొంతు చర్చిలో పుట్టింది కాదు. పెళ్లితో అమ్మ క్రైస్తవురాలైంది గానీ, ఆలేరు దగ్గరి పల్లెలో ఆమె పుట్టిల్లు ఎప్పటి దేవుళ్లతోనే ఉండింది. ప్రతి బతుకమ్మకూ మమ్మల్ని తీసుకుని ఉప్పల్ రింగురోడ్డులో వరంగల్ బస్సెక్కేది. అమ్మమ్మ తెల్లారే తంగేడు పూలు తెచ్చి పెట్టేది, సత్తుపిండి ముద్దలు, మలీద, పెరుగన్నం మా ముందు గుమ్మరించేది, చీకటి పడుతుండగా వాడకట్టు ఆడవాళ్లంతా చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే తల్లీ కూతుళ్లు పాట అందుకునేవాళ్లు. మేం పిల్లలం సత్తుపిండి మూతులతో ఆ గుండ్రం చుట్టూ పరుగులు పెట్టేవాళ్లం. తిరిగొచ్చాక ఆదివారం నాడు అదే గొంతుతో అమ్మ యేసు పాట పాడేది. ఒకటి ఇంకోదాన్ని చెడగొట్టిందని మాకెవరికీ అనిపించలేదు, ఎందుకంటే చెడగొట్టలేదు గనుక.

నేను అయిదో తరగతిలో ఉన్నప్పుడు కాబోలు, క్రిస్మసు పోయాక, ప్రకాశం సారు చర్చికి స్పీకరు పెట్టెలు దానం చేశాడు. ఆటోలో తెచ్చి, పూలదండ వేసి, ప్రార్థన చేయించి, కుడి గోడ దగ్గర ఒకటి, ఎడమ గోడ దగ్గర ఒకటి స్టాండ్ల మీద ఎక్కించాడు. కరెంటు పని తెలిసిన అన్న ఒకతను ముందుకొస్తే "నువ్వుండు, ముప్పై ఏండ్లు మిషన్లు నడిపిన నాకు గీ వైరు పెట్టరాదా?" అని పక్కకు నెట్టి తానే బిగించాడు. ఎర్ర వైరుకూ నల్ల వైరుకూ తేడా చూసుకునేంత వినయం ఆయనకు లేదు. ఒక పెట్టెకు సరిగ్గానే, రెండో పెట్టెకు తారుమారుగా బిగించాడు. ఆ సంగతి మాకెవరికీ చాలా ఏళ్ల దాకా తెలియలేదు.

మరుసటి ఆదివారం నుంచే గుసగుసలు మొదలయ్యాయి. అమ్మ పాడుతుంటే మధ్య కుర్చీలవాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పాట అయ్యాక ప్రకాశం సారు భార్య అమ్మ దగ్గరికి వచ్చి "ఏంది సుగుణా, గొంతు డబ్బాల పడ్డట్టు వస్తుంది, పాణం మంచిగ లేదా?" అని అడిగింది. చాపల మీది ఆడవాళ్లు ఆశ్చర్యపోయారు. "గింత మంచిగ పాడితే ఏంది వీళ్ల లొల్లి?" అని మా పక్కింటి మేరమ్మత్త మూతి తిప్పింది. కానీ చాపల మీద కూర్చున్నవాళ్ల చెవులను ఎవరు లెక్కపెడతారు? పెద్దలకు వినబడలేదంటే పాట లేనట్టే.

నాకు మాత్రం అసలు సంగతి ఆ రోజుల్లోనే చెవికి దొరికింది. మా తమ్ముడు అప్పుడు చంటివాడు, ఏడుస్తుంటే చంకనేసుకుని షెడ్డులో వెనుక నుంచి ఈ గోడ నుంచి ఆ గోడకు తిప్పడం నా పని. అమ్మ పాడుతుండగా నడుస్తున్నాను. గోడ దగ్గర అమ్మ గొంతు నిండుగా ఉంది. మధ్యకు వస్తుంటే సన్నబడి, సరిగ్గా ప్రకాశం సారు కుర్చీ వెనుకకు వచ్చేసరికి ఎవరో నోటికి చెయ్యి అడ్డం పెట్టినట్టు పీలగా మిగిలింది. నాలుగడుగులు దాటితే మళ్లీ లేచింది. తమ్ముడు ఏడుపు మానినా నేను అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. ఇంకో విచిత్రం, ఆ మధ్యలో డోలక్కు గుమ్మనే దెబ్బ కూడా లేదు, పైపై టకటక మాత్రమే ఉంది. మా నాన్న చెవిలో చెబితే "నోర్మూస్కో బిడ్డా, ప్రార్థన అయితుంది" అన్నాడు. నాన్న జీవితమంతా ఏదో ఒక ప్రార్థన అవుతూనే ఉంది, పాపం.

గుడ్ ఫ్రైడే నాటికి తీర్పు తయారైంది. మా ఇంటికి వచ్చి, మా చాయ తాగి, ప్రకాశం సారు ఆ తీర్పు చెప్పాడు. "గొంతు ఇచ్చింది దేవుడు, తీస్కున్నది దేవుడు. గా బతుకమ్మ కాడ పాడిన నోటితోని గీడ పాడితే ఎట్ల ఒప్పుకుంటడు? నీలో ఏదో దాచుకున్న పాపముంది సుగుణా, యాది చేస్కో." వెంట వచ్చిన పాస్టరయ్య మెత్తటి మనిషి; మెత్తటి మనుషులు చేయగలిగిన అపకారమంతా చేశాడు, అంటే తల దించుకుని ఊరుకున్నాడు. డోలక్కు గుమ్మూ పోయిందిగా, మరి డోలక్కు ఏ పాపం చేసిందో ఎవరూ అడగలేదు. పాస్టరయ్య ప్రసంగంలో మాత్రం గొంతెత్తి అరిచే మనిషి కనుక ఆయన మాట పెట్టెల అవసరం లేకుండానే కుర్చీలను చేరేది. మైకు ప్రకాశం సారు కోడలికి పోయింది. ఆమెది కీచు గొంతు, అది మధ్యలో కూడా చక్కగా వినబడింది, దాంతో దేవుడు ఎవరి పక్షాన ఉన్నాడో తేలిపోయింది.

అమ్మ ఆ ఎండాకాలమంతా పాపం వెతుక్కుంది. మామిడికాయ తొక్కుకు ముక్కలు కొడుతూ, మిద్దె మీద మిరపకాయలు ఆరబోస్తూ, ఆగి ఆగి ఏదో లెక్క వేసుకునేది. చివరికి ఒక ఆదివారం సంఘం ముందు నిలబడి, ఇక పుట్టింటి గడప తొక్కనని, బతుకమ్మ పాట నోట పలకనని మాట ఇచ్చింది. గట్టిగా ఏడ్చింది. మధ్య కుర్చీలు తృప్తిగా ఆమెన్ అన్నాయి. ఆ ఏడు బతుకమ్మకు మేం ఊరు పోలేదు. అమ్మ వాళ్లన్న, మా మామ, మూలమీది దుకాణానికి ఫోను చేస్తే అమ్మ "పిల్లలకు పరీక్షలున్నయన్నా" అని పెట్టేసింది.

క్రిస్మసు ముందు షెడ్డుకు సున్నం వేయించారు. సున్నం వేసేవాళ్లు పెట్టెలు దించి, పని అయ్యాక మళ్లీ ఎక్కించి, తమకు తోచినట్టు వైర్లు తగిలించి పోయారు. ఈసారి రెండూ ఒకేలా తగిలాయి. ప్రకాశం సారు దయ తలిచి అమ్మ చేతికి మైకు ఇప్పించాడు. అమ్మ నోరు తెరిచేసరికి మధ్య కుర్చీలు అదిరిపోయాయి. "సూసిన్రా! విడిచిపెట్టింది, దేవుడు తిరిగి ఇచ్చిండు!" అని ఆయన లేచి నిలబడి చేతులెత్తాడు. సంఘమంతా కళ్లు తుడుచుకుంది. అమ్మ కూడా నమ్మింది. అందరికంటే ఎక్కువగా నమ్మింది, ఎందుకంటే ఖరీదు చెల్లించింది ఆమె.

అలా కొన్నేళ్లు గడిచాయి. నేను తొమ్మిదిలో ఉండగా అమ్మమ్మకు జబ్బు చేసింది. మామ రెండుమూడు సార్లు ఫోను చేశాడు, "అవ్వ నిన్నే కలవరిస్తుంది, జర వచ్చిపో చెల్లే" అని; వాళ్లు తల్లిని అవ్వ అనే పిలిచేవాళ్లు. అమ్మ ప్రకాశం సారును అడగడానికి వెళ్లింది. కన్నతల్లిని చూడటానికి పోవాలా వద్దా అని ఒక రిటైరైన సూపర్‌వైజరును అడిగింది! "పోతే బొట్టు వెడ్తరు, దేవర మొక్కులంటరు. మల్ల గొంతు పోతది. నీ ఇష్టం" అన్నాడాయన. అమ్మ పోలేదు. తర్వాత చావు కబురు వచ్చింది, దానికీ పోలేదు. ఆ రోజు పొయ్యి ముందు కూర్చుని, వండిన అన్నం ఎవరికీ వడ్డించకుండా, సాయంత్రం దాకా గిన్నె వైపు చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత ఉద్యమం వచ్చింది. రోడ్ల మీద వంటలు, బందులు, ర్యాలీలు, వాటితో పాటు నడిరోడ్డు మీద బతుకమ్మలు. ఉప్పల్ చౌరస్తాలో పెద్ద పెద్ద పూల గోపురాల చుట్టూ తిరుగుతున్న ఆడవాళ్లలో ముందు వరసలో ఎవరనుకున్నారు? ప్రకాశం సారు కోడలు, గులాబీ చీర కట్టి, ఫోటోలవాళ్ల వైపు ముఖం తిప్పుతూ. పక్కన ప్రకాశం సారు, మెడలో కండువాతో. ఇంటికొచ్చి నేను మండిపడితే అమ్మ "అది రాష్ట్రం కోసం గదనే" అంది. థూ, నా అంత కోపం అమ్మకు ఎందుకు రాదో నాకు అర్థమయ్యేది కాదు.

అప్పుడు నేను ఇంటర్ రెండో ఏడు. కాలేజీ అంటే ఉప్పల్‌లో ఒక బిల్డింగు, కింద చెప్పుల షాపు, పైన మా భవిష్యత్తు. బందులతో పోయిన పాఠాలన్నీ కట్టగట్టి ఒకే వారంలో చెప్పేవాళ్లు. ఫిజిక్స్ సారు కోస్తా మనిషి, బోర్డు వైపు తిరిగి తరంగ సమీకరణం రాశాడు. దానికి ఒక పరిష్కారం ఉంది, ఇంకో పరిష్కారం ఉంది, రెంటినీ కూడితే వచ్చేదీ పరిష్కారమే అన్నాడు. ఒక అల ఇంకో అల లోపలి నుంచి వెళ్లిపోతుంది, దేనికీ ఏమీ కాదు, కలిసిన చోట మాత్రం రెండూ కూడుకుంటాయి. ఒకటి పైకి, ఒకటి కిందికి సమానంగా ఉంటే అక్కడ సున్నా. రెండు మూలాలు ఒకదానికొకటి వ్యతిరేకంగా ఊగితే సరిగ్గా నడిమి గీత మీద ఎప్పుడూ సున్నానే. అల పొడవైనదైతే ఆ నిశ్శబ్దపు పట్టీ వెడల్పుగా ఉంటుంది, పొట్టిదైతే సన్న గీతల్లా ఉంటుంది. మంద్ర గొంతు పొడవు అల, కీచు గొంతు పొట్టి అల; వైర్లు తారుమారైన పెట్టె, రెండోది ముందుకు కొట్టినప్పుడు వెనక్కి గుంజుతుంది. లేచి నిలబడి "సార్, రెండు స్పీకర్లలో ఒకదాని వైర్లు తిరగేస్తే మధ్యలో కూర్చున్నవాళ్లకు పాట వినబడదా?" అని అడిగాను. ఆయన చాక్‌పీసు దులుపుకుంటూ "అది ఎంసెట్‌లో రాదమ్మా, కూర్చో" అన్నాడు. మా అమ్మ గొంతు నొక్కిన లెక్క ఆయనకు ఒక్క మార్కూ రాని ప్రశ్న.

ఇంటికి వచ్చేసరికి అమ్మ మిద్దె మీద ఉతికిన చీర పిండుతోంది. చెరో కొసా పట్టుకుని దులపడం మాకు అలవాటే. "అమ్మా, ఆగు. నేను పైకి అన్నప్పుడు నువ్వు కూడా పైకి జాడించు" అన్నాను. ఇద్దరం ఒకేసారి జాడించాం. రెండు అలలు చీర పొడవునా పరుగెత్తి నడుమన కలిసి ఎత్తుగా ఎగిరాయి. "ఇప్పుడు నేను పైకి జాడిస్తా, నువ్వు కిందికి." జాడించాం. రెండూ పరుగెత్తి వచ్చాయి, నడుమన చీర కదలకుండా ఉండిపోయింది, మళ్లీ అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఏమీ కానట్టు వెళ్లిపోయాయి. అమ్మ మళ్లీ చేయించింది. మళ్లీ. అప్పుడు పెట్టెల సంగతి, వైర్ల సంగతి, సున్నం వేసినవాళ్ల సంగతి, కుర్చీల సంగతి చెప్పాను. సగం పాఠం, సగం తిట్లు.

అమ్మ చీర కొస వదల్లేదు. "అంటే నా గొంతు యాడికీ పోలేదా?" అంది.

"పోలేదమ్మా. గోడల దగ్గర ఎప్పుడూ ఉంది."

"మరి గట్లయితే..." అని ఆగింది. "మా అవ్వ సావుకు నేను పోవచ్చుండె గదా."

నా దగ్గర ఉన్న ఫిజిక్సంతా అక్కడితో అయిపోయింది.

ఆదివారం నేను ప్రకాశం సారు ముందు నిలబడ్డాను. అమ్మ వద్దని కొంగు పట్టి లాగినా వినలేదు. ఆయన అంతా విని, ఏమాత్రం తడుముకోకుండా, "మరి సున్నం ఏసేటోళ్ల చేత వైర్లు సక్కగ పెట్టించింది ఎవరనుకున్నవ్? దేవుడే" అన్నాడు.

"మరి తప్పుగా పెట్టించింది ఎవరు?"

"సుగుణా, పిల్లకు సదువు ఎక్కువైంది" అన్నాడు. కుర్చీలు నవ్వాయి. తనకు వినబడనిదల్లా లేదనుకునే మనిషికి సమీకరణం చూపించినా ఒకటే, సముద్రం చూపించినా ఒకటే. అమ్మ మైకు తీసుకెళ్లి బల్ల మీద పెట్టి, చాప చుట్టి చంకన పెట్టుకుని బయటికి నడిచింది. ఆ తర్వాత ఏ చర్చిలోనూ పాడలేదు. ఒకసారి ఒంటరిగా ఊరికి పోయి మామను చూసి వచ్చింది, అక్కడ ఏం జరిగిందో మాకు చెప్పలేదు.

రాష్ట్రం వచ్చింది. షెడ్డు అమ్ముడుపోయి అక్కడ పార్సిళ్ల గోదాము లేచింది. సైరన్లు ఆగిపోయాయి, బిస్కెట్ల వాసన రాదు, గరిజెలు పళ్లెంలో పెట్టుకుని ఇల్లిల్లూ తిరిగే ఆడపిల్లలూ లేరు. ప్రకాశం సారు నిండు నూరేళ్లకు దగ్గరగా బతికి, ఒక్కరోజు కూడా తప్పు చేశానని అనుకోకుండా హాయిగా పోయాడు. ఆయన ఫోటో కింద మహా భక్తుడని రాయించిన ఫ్లెక్సీ చాలా రోజులు కూడలిలో ఊగింది. ఆయన్ను క్షమించానని అమ్మ అంటుంది. నేను క్షమించలేదు, క్షమించే ఉద్దేశమూ లేదు.

మొన్న మామ మనవరాలి పెళ్లికి పోవడానికి అమ్మా నేనూ ఉప్పల్ రింగురోడ్డులో, మెట్రో స్తంభాల నీడన, దుమ్ములో నిలబడ్డాం. అమ్మ సంచీ చంకనేసుకుని రోడ్డు వైపే చూస్తూ, ఉన్నట్టుండి అంది: "మా అవ్వ పాణం పోయేముందు తొవ్వ దిక్కే సూసిందట. అన్న నన్ను తిట్టవోతే ఆపిందట. 'బిడ్డనేమనకు, ఉప్పల్ల బస్సు దొర్కలేదేమో' అన్నదట."

మేం అలా నిలబడి ఉండగానే వరంగల్ బస్సు వచ్చి ఆగి వెళ్లిపోయింది, దాని వెనుకే జనగామది వచ్చింది, దాని వెనుక ఇంకొకటి.